దిగని గెంతు

సింధియాలో రష్యా వాళ్ళ క్వార్టర్ల నుంచి
సైకిలు కేరేజీ మీద కట్టుకొచ్చాడు నాన్న,
తుప్పు పట్టిన రేకు డబ్బా.
మూత తీస్తే పులిసిన గంజి వాసన.

మా నాన్న, బంటుపల్లి గురప్ప,
పూర్ణా మార్కెట్ వెనక గదిలో ఉంటూ
ప్రొజెక్టరు అద్దెకి తిప్పేవాడు.
పెళ్ళిళ్ళకి, యూనియన్ మీటింగులకి,
ఒకసారి దోమల నివారణకి కూడా.
నేను రీలు చుట్టే పిల్లని.

ఆ రాత్రి డాక్‌యార్డు క్లబ్బులో
గోడకి దుప్పటంత తెర.
మాటల్లేవు, పాటల్లేవు.
వెలుగు గొట్టంలో సిగరెట్టు పొగ,
పొగ చివర ఒక ఆడమనిషి.

బాలే అంటే మునివేళ్ళ మీద తేలే హంసలనుకున్నారంతా.
ఈవిడ బూట్లేసుకొచ్చింది.
పాత బాకీ అడగొచ్చినట్టు
మడమతో నేలని తన్నింది.
నడుము విరిచి, ఇంకా విరిచి,
జడ నేల ఊడ్చేదాకా వెనక్కి వంగి
అక్కణ్ణించే, తలకిందులుగా, నవ్వింది.
ముందు వరసలో ఇంజనీర్ల భార్యలు కొంగులు సర్దుకున్నారు,
జారింది తమవే అయినట్టు.

చప్పుడు లేని అడుగులు ఎంతసేపని చూస్తారు?
గుమ్మం దగ్గర టికెట్లు చింపే కోరాడ సన్నాసి,
వయసులో తప్పెటగుళ్ళు కట్టినవాడు,
భుజాల మీద మనిషిని నిలబెట్టుకుని గెంతినవాడు,
ఖాళీ బిస్కట్ల డబ్బా ఒళ్ళోకి లాక్కున్నాడు.
రెండు దరువులు వేసి ఆగిపోయాడు.
"గురప్పా, జోరు తగ్గించరా.
మనిసన్నాక అలాగెగరదు, కోడిపిల్లేటి?"

నాన్న చక్రం మీద బొటనవేలు ఆనించాడు.

అప్పుడు ఆవిడకి బరువొచ్చింది.
మెడ కింద గుంటలో ఊపిరి ఆడింది.
ఒకచోట పక్కకి తూలింది. నిజంగానే తూలింది.
తూలినదాన్ని పారేయకుండా
తర్వాతి అడుగులో కలిపేసుకుంది.
సన్నాసి కళ్ళు మూసుకుని కొడుతున్నాడు.
రెండూ కలిశాయి,
ఏ దేశం మడమో, మా ఊరి డబ్బా.

ఆవిడ గెంతింది.
మోకాళ్ళు మడిచి, చేతులు గాలికొదిలేసి,
పైకి.
తెర నడిమిన గోధుమరంగు బొబ్బ లేచింది.
పగిలింది.
ఇక తెల్లదనమే,
దాని మీద పోర్టు నుంచి వచ్చి పడ్డ ఎర్రదుమ్ము.

"దీపం ముందు నిదానం పనికిరాదమ్మా" అన్నాడు నాన్న,
కాలిన ముక్క కత్తిరిస్తూ.
బంక రాసి అతికించాడు.
ఆ రీలులో అప్పట్నుంచీ
ఆవిడ పైకి లేస్తుంది,
మరుక్షణం అవతలి పక్క నిలబడి ఉంటుంది, తల వంచి.
మధ్యలో దిగడం అన్నది లేదు.
డబ్బా తిరిగిస్తే రష్యా ఆయన లెక్క చూసుకోలేదు.

కత్తిరించిన ముక్కలో మూడు ఫ్రేములు బాగున్నాయి.
అవి నేను దొంగిలించాను.
జామెట్రీ బాక్సులో, కోణమానిని కింద.

తర్వాత పోర్టు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగమొచ్చింది నాకు.
క్రేను మీంచి, పడవ అంచు మీంచి,
ఒకసారి జీడిమామిడి కొమ్మ మీంచి
దిగినవాళ్ళందరూ నా దగ్గరికే వచ్చేవాళ్ళు.
మడమలు, ముంజేతులు, తుంటెముకలు.
దిగడాన్ని ఇన్ని రకాలుగా చూసినదాన్ని
ఈ ఊళ్ళో ఇంకొకరుండరు.

ఇరవై రెండేళ్ళకి స్ట్రెచరు మీద సన్నాసి తాత.
బాత్రూములో జారాడట. సిగ్గుపడుతూ చెప్పాడు.
లైటు పెట్టె మీద ఆయన తుంటి బిగించాను.
పక్కనే, ఎందుకో తెలీదు,
ఆ మూడు ఫ్రేములూ పెట్టాను.
గోరంత ఆడమనిషి, గాల్లో, మూడుసార్లు.

కళ్ళు చికిలించి చూశాడు.
చాలాసేపు చూశాడు.
"ఈయమ్మి ఇంకా దిగలేదేటే?"
"లేదు తాతా."
"అయితే నానాపకూడదు" అని
నొప్పికి పళ్ళు బిగబట్టి
స్ట్రెచరు ఇనుము మీద రెండు వేళ్ళు ఆడించాడు.